మూడు తాళముల పెట్టె (సోదర సంఘముల చరిత్ర – 4)

గత భాగమున మన కథ లండను నగరమును విడిచి కదలలేదు. 1717వ సంవత్సరము జూన్ 24వ తేదీన సెయింట్ పాల్ దేవాలయము చెంత ఒక పానశాలలో నాలుగు లాడ్జీలవారు కూడి గ్రాండ్ లాడ్జి నొకదానిని నెలకొల్పుకొనుటయు, కొలది యేండ్లకే ప్రభువంశీయులు దాని యధ్యక్షపీఠము నెక్కుటయు, 1723లో జేమ్స్ ఆండర్సన్ అను మతాచార్యుడు దాని నియమావళిని అచ్చువేయించుటయు, తామే ప్రాచీనులమని చెప్పుకొన్న పక్షమునకును లండను పక్షమునకును అరువదేండ్లకు పైగా సాగిన వైరము, ఇరుపక్షములకును రాజకుమారు లిద్దఱు అధ్యక్షులై యున్న 1813వ సంవత్సరమున సంధితో ముగియుటయు చెప్పితిమి. రాతిపనివారి మూలమట్టమును వృత్తలేఖినిని చిహ్నములుగా నిలుపుకొని, రాతిపని నెన్నడును ఎఱుగని పెద్దమనుష్యులు పరస్పరము సోదరులని పిలుచుకొనిన ఫ్రీమేసన్ల కథ యది. వారి దానధర్మములు సామాన్యములు కావు. బార్తొలోమ్యూ రుస్పీని అను దంతవైద్యుని పూనికచే 1788లో ఏర్పడిన బాలికల విద్యాలయము దురదృష్టవశమున చితికిపోయిన సభ్యుల కుమార్తెల నెందఱినో ఒక దరి చేర్చినది. కాని చేరిక రుసుమును, విందుల వ్యయమును, ఉడుపుల వ్యయమును భరింపగలవానికే ఆ సౌభ్రాత్రము లభించుచుండెను. వారపుకూలితో వారము గడుపుకొనువాడు ఆ వాకిట నిలుచుటకు సైతము సాహసింపడు.

అట్టివాడు తనకై తాను నిర్మించుకొనిన సోదరత్వమును గుఱించి ఈ భాగమున చెప్పవలసియున్నది. ఇందులకై మనము లండను నుండి ఉత్తరదిశగా సుమారు రెండువందల మైళ్లు పయనించి మాంచెస్టరు చేరవలెను.

1801లో మాంచెస్టరు జనసంఖ్య రమారమి 75 వేలు. 1851 నాటికది మూడులక్షలు దాటినది. ఏబదేండ్లలో ఒక పట్టణము నాలుగింతలగుట ఎట్టిదో ఊహించుట కష్టము. పల్లెలనుండియు, ఐర్లండునుండియు, వేల్సునుండియు వచ్చిన జనము ప్రత్తి యంత్రముల చుట్టు మూగిరి. నేలమాళిగలలో కాపురములుండిరి. ఒక్క బావినీటిని వీథియంతయు త్రాగినది. 1842లో ఎడ్విన్ చాడ్విక్ పార్లమెంటు కొఱకు సమకూర్చిన నివేదికలో, ఆ పట్టణపు శ్రామికకుటుంబములలో మరణించువారి సగటు వయస్సు పదునేడేండ్లని లెక్కకట్టబడినది. శైశవముననే రాలిపోయినవారి సంఖ్యయే ఆ లెక్కను అంతగా క్రుంగదీసినది. ఆ పట్టణమునకును మనకును గల సంబంధమును కూడ ఇచట స్మరింపవలెను. గోదావరీతీరమున నరసాపురము చెంతనున్న మాధవాయపాలెమున ఈస్టిండియా కంపెనీవారు వర్తకస్థానము నేర్పఱచి, ఆ ప్రాంతపు నేతగాండ్రు నేసిన తానులను సీమకు పంపిన కాలము గతించి, ఆ యూరిపేరు పెట్టుకొన్న బట్టనే లాంకషైరు మిల్లులు నేసి లోకమునకు విక్రయించు కాలము వచ్చెను. మన సాలెవాని మగ్గమును మూలబెట్టిన యంత్రము, తన చెంత నిలిచి పదునాలుగు గంటలు పనిచేసినవానికిని సుఖము నీయలేదు. ఈ రెండు దుఃఖములును ఒకే కాలమున, ఒకే కారణమున పుట్టినవి. వీనిని వేఱువేఱు అధ్యాయములలో చదువుట మన చరిత్రగ్రంథముల లోపము.

మన పల్లెలో రైతు మంచమెక్కినచో ఎన్ని కొఱతలున్నను ఉమ్మడి కుటుంబమో, కులమువారో, ఊరివారో మంచముచుట్టు నుందురు. మాంచెస్టరు కూలికి అట్టి ఆధారమేదియు మిగులలేదు. పని యున్న దినమున కూలి. జ్వరము వచ్చిన దినమున శూన్యము. ఎలిజబెత్తు రాణి కాలమున 1601లో వెలసిన బీదల చట్టము ప్రకారము ప్రతి పారిషును, అనగా ఒక్కొక్క చర్చికి చెందిన ఊరిపరిధియు, తన బీదలను తానే పోషింపవలెను గాని, 1662 నాటి మఱియొక చట్టము ఆ పోషణను స్థిరనివాసహక్కుతో ముడివేసినది. పుట్టిన పారిషును విడిచి వచ్చినవాడు రోగియై చేయిచాచినచో, వానిని స్వగ్రామమునకు తిరిగి పంపివేయవచ్చును. 1834లో ఈ పద్ధతి మఱింత కఠినమైనది. సహాయము కోరువాడు వర్క్‌హౌసు అను బీదల గృహమున ప్రవేశింపవలెను. అచట భర్తను ఒకవైపునను, భార్యను ఒకవైపునను, బిడ్డలను వేఱొకచోటను ఉంచిరి. సహాయము కోరుటకే జనులు భయపడవలెనన్నది ఆ చట్టకర్తల యుద్దేశము. ఆ మాటను వారు దాచుకొనలేదు.

ఇంతకంటె భయంకరమైనది మరణానంతర విషయము. బీదల గృహమున మరణించినవానిని పారిషువారు ముతకపెట్టెలో పెట్టి పదిమందితోపాటు ఒకే గుంటలో పూడ్చిపెట్టుట పరిపాటి. 1832లో వచ్చిన శరీరశాస్త్ర చట్టము ప్రకారము, బంధువులెవ్వరును వచ్చి అడుగని శవమును వైద్యవిద్యార్థుల కోతకు అప్పగింపవచ్చును. అంతకు పూర్వము నరహంతకుల శరీరములకే విధింపబడిన శిక్ష ఇప్పుడు దరిద్రునికి సంక్రమించినది. ప్రేతసంస్కారమును గుఱించి మనకు ఎట్టి పట్టుదల కలదో ఆ దేశపు బీదవానికిని అట్టిదే కలదు. ఆకలికి ఓర్చుకొనినవాడు సైతము ఈ యవమానమునకు ఓర్వలేకపోయెను. ఇంగ్లండులోని శ్రామికుల సంఘములలో అధికభాగము వైద్యమునకంటె ముందుగా శవసంస్కారమునకై ధనము కూడబెట్టుటకు కారణ మిదియే.

ఇట్టి సంఘముల యూహ క్రొత్తది కాదు. 1697లోనే డేనియల్ డీఫో, ఆపదలో పరస్పరము ఆదుకొనుటకై మనుష్యులు సంఘములుగా ఏర్పడవలెనని ఒక గ్రంథమున సూచించియుండెను. 18వ శతాబ్దియందు ఊరూర ఇట్టివి మొలచినవి. ఒక్కొక్క సంఘమునకును ఒక దృఢమైన కొయ్యపెట్టె. దానికి మూడు తాళములు. మూడు చెవులును ముగ్గురు వేఱువేఱు నిర్వాహకుల యొద్ద. ముగ్గురును కూడినగాని పెట్టె తెఱువబడదు. చదువురానివారు, బ్యాంకి నెఱుగనివారు, న్యాయస్థానమును నమ్మనివారు తమ కష్టార్జితమును కాపాడుకొనుటకు కనుగొన్న యుపాయ మిది. నేడు ఇంగ్లండు వస్తుప్రదర్శనశాలలలో అట్టి పెట్టెలు కొన్ని కనబడును. 1793లో జార్జి రోజ్ అను పార్లమెంటు సభ్యుడు ఈ సంఘములకు చట్టరక్షణ కల్పించెను. ఫ్రెంచి విప్లవము నడుచుచున్న కాలమది. బీదలు గుమిగూడుట యన్న ప్రభువులకు గుండె దడ. అయినను ఈ సంఘములు వర్ధిల్లినచో బీదల పోషణకై భూస్వాములు చెల్లించు పన్ను తగ్గునను ఆశ ఆ భయమును జయించినది. 1803 నాటి ప్రభుత్వపు లెక్కలలో తొమ్మిదివేలకు మించిన సంఘములును, ఏడులక్షలమంది సభ్యులును కానవచ్చుచున్నారు.

కాని ఊరికొక పెట్టెగా నుండు పద్ధతిలో ఒక లోపము కలదు. ఇరువదేండ్ల ప్రాయమున కలిసి చేరినవారందఱును కలిసియే ముదుసలులగుదురు. ముసలి సంఘములో పడుచువాడు చేరడు. రోగములు హెచ్చుకొలది పెట్టె తఱుగును. పని వెదకికొనుచు వేఱొక పట్టణమునకు పోయినవాడు తాను అంతవఱకు చెల్లించినదంతయు కోల్పోవును. ఊరూరి సంఘములను ఒక్క త్రాటికి ముడివేసినగాని ఈ బాధ తీఱదు. ఆ పనిని సాధించినవారే ఆడ్ ఫెలోసు. ఆ పేరుగల లాడ్జీలు 18వ శతాబ్దిలోనే లండనులో నుండెను. 1810లో మాంచెస్టరు ప్రాంతపు లాడ్జీలవారు పాత కూటమినుండి విడిపోయి మాంచెస్టర్ యూనిటీ అను స్వతంత్ర శాఖను స్థాపించిరి. తమ సంఘము రోమక సైనికుల కాలముననే పుట్టినదని వారు చెప్పుకొనిరి. ఆ పురాణమునకు సాక్ష్యమేదియు లేదు. అయినను, వంశవృక్షము ప్రభువులకే యుండవలెనా యను తహతహ అందు కనబడుచున్నది గనుక దానిని తేలికగా చూడరాదు.

లాడ్జి సమావేశమునకు చోటు పానశాల మీది యంతస్తు గది. శ్రామికులకు వేఱొక సభామందిరము దొరకదు. గదికి అద్దె లేదు. దానికి బదులుగా సభ్యులు తన మద్యమును కొనవలెనని యజమాని కోరిక. వారమునకో పక్షమునకో ఒక రాత్రి, మిల్లు గంట మ్రోగిన పిమ్మట, ముఖము కడుగుకొని, ఉన్నంతలో మంచి కోటు తొడుగుకొని వారు వచ్చుదురు. తలుపుకడ కాపరి సంకేతపదమును చెవిలో చెప్పించుకొని గాని లోనికి పోనీయడు. నడిమి పీఠమున నోబుల్ గ్రాండ్ అను అధ్యక్షుడు, ఎదుట వైస్ గ్రాండ్, ప్రక్కన కార్యదర్శి, మెడలలో పట్టీలు, గోడలపై హృదయమును అఱచేత ధరించిన హస్తము, తేనెపట్టు, గడియారపు ఇసుకకుప్పె వంటి చిత్రములు. మైత్రి, ప్రేమ, సత్యము అనునవి వారి మూలమంత్రములు. పగలంతయు మిల్లులో పేరు లేని చేతులుగా పరిగణింపబడినవాడు ఆ గదిలో ఒక పదవీనామముతో పిలువబడును. లేచి నిలిచి అధ్యక్షుని సంబోధించి మాటాడుటయు, ఎదుటివాని మాట ముగియువఱకు ఊరకుండుటయు, లెక్క చూచి ఆక్షేపించుటయు, చేయెత్తి తీర్మానించుటయు నేర్చుకొనును. ఓటుహక్కు లేని జనులకు ఇంగ్లండులో రాజ్యాంగము నేర్పిన పాఠశాల లివియేయని నా యభిప్రాయము.

క్రొత్తవాని ప్రవేశము సులభము కాదు. ఒక సభ్యుడు పేరు ప్రతిపాదింపవలెను, మఱియొకడు బలపఱుపవలెను. తెల్లబంతులతోను నల్లబంతులతోను రహస్యముగా నిర్ణయించవలెను. సాధారణముగా పదునెనిమిదేండ్లకు తక్కువ వాడును, నలువదేండ్లు దాటినవాడును పనికిరాడు. వైద్యుడు వాని దేహస్థితిని పరీక్షించును. పిమ్మట కన్నులకు గంతలు కట్టి లోనికి తెచ్చి, మరణమును జ్ఞప్తికి తెచ్చు చిత్రము నెదుట నిలిపి గంతలు విప్పుదురు. సోదరుని రహస్యమును కాపాడుదుననియు, వాని యాలుబిడ్డలకు కీడు తలపననియు వాడు పలుకవలెను. ఆ తంతు ఇప్పటివారికి బాలక్రీడవలె తోపవచ్చును. అయితే అపరిచితులతో నిండిన పట్టణములో, ఒకని ధనమును మఱియొకనికి అప్పగించుటకు ముందు, నమ్మకము నెట్లో పుట్టింపవలసియున్నది; వారికి అందుబాటులో నున్న సాధనము అదియే. ఆ రాత్రి మొదలుకొని జరిమానాల నియమములు వానికి వర్తించును. దుర్భాషలాడినను, త్రాగి వచ్చినను, సభలో నిద్రించినను, మతమును గుఱించియో రాజకీయమును గుఱించియో కలహము తెచ్చినను పెన్నీలు చెల్లించుకొనవలెను.

చందా సాధారణముగా వారమునకు నాలుగు పెన్నీలు, అనగా షిల్లింగులో మూడవవంతు. దానికి బదులుగా, రోగమువలన పని మానినచో వారమునకు సుమారు పది షిల్లింగులు, మరణించినచో శవసంస్కారమునకు పది పౌనులు. భార్య మరణించినను కొంత ధనము. తీరికలేని నిర్వాహకులే రోగిని వారము వారము చూడబోవలెను. చూడబోనివానికి జరిమానా. ఒక సాధారణమైన శనివారపు సాయంకాలమును ఊహింపుడు. ఇరుకైన గదిలో నులకమంచముపై నూలువడుకువాడు దగ్గుచున్నాడు. బల్లపై పాత్రలన్నియు బోర్లించియున్నవి. లాడ్జి మనుష్యు లిద్దఱు తలుపు తట్టి, టోపీలు తీసి, పేరుతో పలుకరించి, వైద్యుని చీటి చూచి, పది షిల్లింగులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టి బల్లపై నుంచుదురు. రోగి చీటిపై సంతకమో, గుఱుతో పెట్టును. రోగము అంటుజాతిదైనచో వాకిటనే నిలిచి యిచ్చుదురు. ఈ యిద్దఱే వానిపై నిఘా యుంచువారు కూడ. రోగభృతి పుచ్చుకొనువాడు ప్రొద్దుగ్రుంకిన పిదప వీథిలో తిరుగుచున్నను, పానశాలలో కనబడినను భృతి ఆగిపోవును.

ఇచ్చట నేను ఒకింత నిలిచి చెప్పదలచుకొన్న మాట యొకటి కలదు. ఆ పది షిల్లింగులు పుచ్చుకొనునపుడు రోగి ఎవ్వరికిని కృతజ్ఞుడు కానక్కఱలేదు. పారిషు అధికారి యెదుట వాడు తన దైన్యమును నిరూపించుకొనవలెను. ధర్మాత్ముని వాకిట వాడు తన సుగుణములను ప్రదర్శింపవలెను. లాడ్జి మనుష్యుల యెదుట వాడు చందా చెల్లించిన పుస్తకమును చూపిన చాలును. నిరుడు వీనిని చూచుటకు వచ్చినవాడే ఈ యేడు మంచమున నుండవచ్చును, అపుడు చూడబోవలసినవాడు వీడే. దానమును హక్కుగా మార్చిన ఈ చిన్న యేర్పాటును మించిన విప్లవము ఆ శతాబ్దమున ఇంగ్లండులో మఱియొకటి జరుగలేదని నేను విశ్వసించుచున్నాను. చరిత్రకారులు సభలను, అల్లరులను, చట్టములను వర్ణించుటలో చూపిన శ్రద్ధలో పదవవంతైనను లాడ్జి కార్యదర్శి లెక్కపుస్తకముపై చూపియుండినచో ఈ సంగతి మనకు మఱింత మునుపే తెలిసియుండెడిది.

సభ్యుడు మరణించినపుడు లాడ్జియంతయు నల్లపట్టీలు ధరించి ఇద్దఱిద్దఱుగా శవపేటిక వెనుక నడుచును. వీథిలోని జనము ఆగి చూచును. పారిషువారి గుంటలో పడవలసిన బీదవానికి నూఱుమంది సోదరుల యూరేగింపు. వితంతువులకును, తండ్రిలేని బిడ్డలకును వేఱుగా నిధులు నెలకొల్పిరి. పని వెదకికొనుచు కాలినడకన పోవు సభ్యునికి కార్యదర్శి ఒక గుఱుతుచీటి నిచ్చెడివాడు. దానిని, అప్పటి సంకేతపదమును చూపినచో దారిలోని లాడ్జివారు ఒక రాత్రి పడకయు, కొలది పైకమును ఇచ్చి, ఆ యూర పని యేమైన దొరకునేమో విచారించి చెప్పుదురు.

ప్రభుత్వము ఈ రహస్యప్రమాణములను అనుమానముతో చూచుచుండెను. 1819 ఆగస్టు 16వ తేదీన మాంచెస్టరు సెయింట్ పీటర్ మైదానమున ఓటుహక్కు కోరి శాంతముగా కూడిన వేలాది జనులపై గుఱ్ఱపుదండు కత్తులు దూసి పడిన ఘోరము ఆ పట్టణపు కూలివాండ్రు ఎన్నడును మఱువలేదు. 1834లో మఱియొక దెబ్బ తగిలినది. డార్సెట్టు ప్రాంతమున టాల్‌పడిల్ అను పల్లెలో వ్యవసాయకూలీల వారపుకూలి తొమ్మిది షిల్లింగుల నుండి క్రమముగా ఏడింటికి దిగి, ఆఱగునను బెదిరింపు వచ్చినపుడు, జార్జి లవ్‌లెస్ అను ధర్మప్రబోధకుని నాయకత్వమున వారొక పరస్పర సహాయసంఘమును స్థాపించిరి. వారి ప్రవేశవిధి లాడ్జీల తంతునకు మిక్కిలి సన్నిహితమైనది: కన్నులకు గంతలు, మరణచిత్రము, ప్రమాణము. అక్రమ ప్రమాణముల చట్టము క్రింద ఆర్గురికి ఏడేండ్ల ద్వీపాంతరవాసము విధింపబడెను. దేశవ్యాప్తమైన యాందోళనవలన రెండేండ్లకు క్షమాభిక్ష లభించినది గాని, ఈలోపల సంఘములన్నియు గడగడలాడినవి. ప్రమాణములను మాని సాధారణ వాగ్దానములతో సరిపెట్టుకొనుట ఆనాడు ఆరంభమైనది. మఱియొక యిక్కట్టు కూడ కలదు. శాఖోపశాఖలుగా వ్యాపించిన సంఘమునకు చట్టమున గుర్తింపు లేకుండెను గనుక, కోశాధికారి ధనము నపహరించి పాఱిపోయినను న్యాయస్థానము తలుపు తట్టు వీలులేదు. 1850 నాటి చట్టముతోనే ఆ కొఱత తీఱినది.

బయటి శత్రువులకంటె లోపలి స్పర్ధలు తక్కువవి కావు. మాంచెస్టర్ యూనిటీయే చీలిక వలన పుట్టినది; దానినుండి మఱల చీలికలు పుట్టినవి. 1834లో రాచ్‌డేలునందు, తమ మాతృసంఘమునుండి విడిపోయి, ఏన్షెంట్ ఆర్డర్ ఆఫ్ ఫారెస్టర్స్ వెలసి, ప్రతి పట్టణమునందును ఆడ్ ఫెలోసుతో పోటీకి నిలిచినది. వారు లాడ్జిని కోర్టు అనిరి, అధ్యక్షుని ముఖ్య వనపాలకు డనిరి. మఱుసటి యేడు సాల్ఫర్డున రీకబైట్లు తలయెత్తిరి. పానశాల మీద నడుచు సోదరత్వము పానశాలనే పోషించుచున్నదని వారి యభియోగము. మద్యము ముట్టనివాడే తమ సభ్యుడనియు, తమ సమావేశస్థలము గుడారమనియు వారు ప్రకటించిరి. యజమాని కొఱకు సంఘధనములో కొంత మద్యముక్రింద వ్రాయు పాత యాచారము గర్హ్యమైనదే. ఆ విషయమున రీకబైట్ల పక్షమే సత్యపక్షమని యొప్పుకొనక తప్పదు.

వీనినన్నిటిని మించిన కలహము అంకెలను గుఱించి జరిగినది. ఇరువదేండ్లవాడును, నలువదేండ్లవాడును ఒకే నాలుగు పెన్నీలు చెల్లించుచుండిరి. సోదరులలో హెచ్చుతగ్గులు కూడదని వారి వాదము. వినుటకు ఎంతయో బాగుగ నున్నది. కాని వర్షమెంత పడుచున్నదో, తూములో ఎంత నీరు పోవుచున్నదో లెక్కింపక ఆయకట్టును పెంచుకొనిపోయిన చెఱువువలె ఆ లాడ్జీల స్థితి యుండెను. సభ్యులు పడుచువారై యున్నంతకాలము పెట్టె నిండుగా కనబడును. వారి వార్ధక్యమున ఎండిపోవును. 1840 దశకము నడుమ, సభ్యసంఖ్య రెండులక్షలు దాటిన మాంచెస్టర్ యూనిటీ ఇట్లే సాగినచో దివాలా తీయునని నీసన్ అను ఆక్చువరీ, అనగా బీమా గణకుడు, లెక్కలతో నిరూపించెను. ప్రతి లాడ్జియు తన జమాఖర్చులను కేంద్రమునకు పంపవలెనని పెద్దలు శాసించిరి. మా పెట్టె మాది, మాంచెస్టరువారెవరు చూచుటకు, అని కొన్ని లాడ్జీలవారు తిరుగబడిరి. వేలాదిమంది విడిపోయి వేఱు సంఘము పెట్టుకొనిరి.

అప్పుడు కేంద్ర కార్యదర్శి పదవికి వచ్చినవాడు హెన్రీ రాట్‌క్లిఫ్. ఇతడు వచ్చిన లెక్కలను అటకపై పాఱవేయలేదు. 1846 మొదలు 1848 వఱకు లక్షలాది సభ్యులలో ఏ ప్రాయమువాడు ఏడాదికి ఎన్ని వారములు మంచమున నుండెనో, ఏ వృత్తిలో ఎందఱు మరణించిరో, పల్లెలో నెట్లో పట్టణమున నెట్లో వింగడించి 1850లో పట్టికలుగా ప్రకటించెను. రోగమును గుఱించి శ్రామికులు తమ దేహములతో వ్రాసి, తమ కార్యదర్శిచే కూడించుకొనిన శాస్త్రమది. చేరునాటి వయస్సునుబట్టి చందాను నిర్ణయించు పద్ధతి దాని ఫలితముగా నెలకొని, ఇతర సంఘములును ఆ పట్టికలనే ప్రమాణముగా గ్రహించినవి. సమానత్వమును విడిచి గణితమును పట్టుకొన్నారని ముసలి సభ్యులు నొచ్చుకొనిరి. వారి బాధ అర్థము కానిది కాదు. అయినను, వృద్ధాప్యమున వట్టిపెట్టెను చూపు సమానత్వము సోదరధర్మము కాజాలదు.

ఇంతలో ఈ సంఘము సముద్రము దాటినది. లండనున పుట్టి, బండ్లకు ఇనుపస్ప్రింగులు చేయు థామస్ వైల్డీ 1817లో అమెరికాలోని బాల్టిమోరు చేరెను. ఇంగ్లండుతో జరిగిన యుద్ధపు గాయములు మానని పట్టణమది; ఆంగ్లేయునకు ఆదరణ తక్కువ. లాడ్జి లేని లోటును సహింపలేక, ఆడ్ ఫెలోసు సభ్యులెవరైన నున్నచో రమ్మని అతడు పత్రికలో ప్రకటించెను. 1819 ఏప్రిల్ 26వ తేదీన సెవెన్ స్టార్స్ అను పానశాలలో కూడినవారు వైల్డీతో కలిసి అయిదుగురు. ఆ యైదుగురి లాడ్జినుండి అమెరికా శాఖ యంతయు విస్తరించినది. 1826లో వైల్డీ స్వయముగా మాంచెస్టరు పోయి అధికారపత్రమును తెచ్చుకొనెను. 1840 దశకపు తొలియేండ్లలో అమెరికావారు మాంచెస్టరుతో తెగతెంపులు చేసికొనిరి. రోగిని దర్శించుట, ఆపన్నుని ఆదుకొనుట, మృతుని ఖననము చేయుట, అనాథకు విద్య చెప్పించుట అను నాలుగింటిని వారు తమ విధులుగా ప్రకటించిరి. పిమ్మట ఆ దేశపు ఉపాధ్యక్షుడైన స్కైలర్ కోల్‌ఫాక్స్ పూనికతో 1851లో రెబెకా అను పేర స్త్రీలకును ఒక శ్రేణి ఏర్పడినది. ఇంగ్లండులో మాంచెస్టర్ యూనిటీ ఆ శతాబ్దపు చివరి దశాబ్దముదాక స్త్రీలకు తలుపు తెఱువలేదు. మిల్లులలో మగవారితో సమముగా నిలిచి పనిచేసిన స్త్రీలు, రోగము వచ్చినపుడు సోదరుల భార్యలు మాత్రమే.

ఇట్లే సోదరత్వపు టెల్లలు ఎచ్చటెచ్చట ముగిసినవో చూడవలెను. వారమునకు నాలుగు పెన్నీలు మిగుల్చుకొనలేనివాడు, అనగా సహాయము అందఱికంటె అవసరమైనవాడు, లోనికి రాలేకపోయెను. బొగ్గుగనుల వంటి ప్రమాదకర వృత్తులవారిని కొన్ని సంఘములు నిరాకరించినవి. మూడువారములు చందా తప్పినవాని పేరు ఎఱ్ఱసిరాతో గుర్తించిన లాడ్జియు ఉండవచ్చును, రహస్యముగా వాని చందాను తానే కట్టిన కార్యదర్శియు ఉండవచ్చును. నియమము మాత్రము నియమమే. అమెరికాలో ఎల్ల మఱింత స్పష్టముగా గీయబడినది. మైత్రి, ప్రేమ, సత్యము అని గోడపై వ్రాసికొన్న లాడ్జీలు నల్లజాతివారిని చేర్చుకొనుటకు సమ్మతింపలేదు.

న్యూయార్కునందు ఫైలోమాథియన్ అను సాహిత్యసమాజమును నడుపుకొనుచుండిన నల్లజాతి పౌరులు కొందఱు అమెరికా శాఖకు దరఖాస్తు పెట్టి తిరస్కృతులైనపుడు, నావలలో పరిచారకుడుగా పనిచేయు పీటర్ ఆగ్డెన్ అనువాడు వారికొక మార్గము చెప్పెను. అతడు స్వయముగా లివర్‌పూలులోని ఒక లాడ్జి సభ్యుడు. ఆ లాడ్జి, మాంచెస్టరువారు 1810లో విడిచివచ్చిన పాత కూటమికి చెందినది. ఆ కూటమిలో చర్మపురంగు ప్రశ్న కాలేదు. అమెరికావారిని బతిమాలుట యెందుకు, మూలమునే యడుగుదమని అతడు 1842లో ఇంగ్లండునకు పయనమాయెను. 1843 మార్చి 1వ తేదీన ఫైలోమాథియన్ లాడ్జి 646వ సంఖ్యతో న్యూయార్కున తెఱువబడినది. బానిసత్వము చట్టబద్ధమై యున్న దేశములో, శ్వేతజాతివారి యనుమతి నడుగక, సముద్రము కావలినుండి తెచ్చుకొన్న పత్రముతో నల్లజాతివారు స్థాపించిన ఆ లాడ్జి దాసవిమోచనకు పూర్వము ఎట్లు నిలిచినదో, అంతర్యుద్ధానంతరము దక్షిణరాష్ట్రముల పల్లెపల్లెకును ఎట్లు ప్రాకినదో, అదే యుద్ధమువలన ప్రత్తి రాక మాంచెస్టరు మిల్లులు మూతపడినపుడు ఇంగ్లండు లాడ్జీలు చందా కట్టలేని సోదరుల నేమి చేసినవో వచ్చు భాగమున చెప్పుదుము.